గ్రిజ్లీ ఏ కాలంలో ఏం తింటుంది? 4వ పాఠం: మలంలో మిగిలేది వేరు, ఒంటికి పట్టేది వేరు

ఈసారి పైన్ గింజల కాలంలోకి వెళ్దామనుకున్నాం. కానీ పోయిన పాఠంలోని లెక్కకు వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట తడబడ్డాయి. ముందు అది సరిచేసుకుందాం.

లెక్క ఇది: అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనం, జూన్ మొదటి వారం, ఒక గ్రిజ్లీ (గోధుమరంగు ఎలుగుబంటి) మలం. అందులో 80 శాతం గడ్డి పీచు, 20 శాతం ఎల్క్ (పెద్ద జాతి జింక) దూడ వెంట్రుకలు, ఎముక ముక్కలు. 'ఈ నెలలో ప్రధాన ఆహారం గడ్డి' అని రాశారు. భోజనమయ్యాక విస్తట్లో మిగిలిన కరివేపాకు చూసి, భోంచేసినవాళ్లు కరివేపాకే తిన్నారన్నట్టుంది.

ఎలుగుబంటి నెమరువేసే జంతువు కాదు. దానిది సాదా పొట్ట, పొట్టి పేగు. గడ్డిలో చాలా భాగం తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తుంది. మాంసం దాదాపు మొత్తం అరిగిపోతుంది, వెంట్రుకలే మిగులుతాయి. అందుకే మలంలోని ప్రతి పదార్థాన్నీ ఒక గుణకంతో హెచ్చించాలి. గడ్డికి దాదాపు 0.25. మాంసం గుణకం చర్మం, వెంట్రుకలతో సహా తింటే చిన్నది, ఉత్త కండ తింటే చాలా పెద్దది. మన సాధనకు 3 వేసుకుందాం. ఇప్పుడు గడ్డి 80 × 0.25 = 20. దూడ 20 × 3 = 60. అంటే తిన్నదాంట్లో ముప్పావు వంతు మాంసమే!

చేప దగ్గర ఈ పొరపాటు ఇంకా ఘోరం. ట్రౌట్ తిన్నాక మిగిలేది కాసిని పొలుసులు, ముళ్లు. దాని గుణకం 40 దాకా ఉంటుంది. దీన్ని ఇంత సాగదీయడానికి కారణముంది. 1994లో ఎల్లోస్టోన్ సరస్సులో బయటి జాతి లేక్ ట్రౌట్ కనబడింది. అది స్థానిక కట్‌త్రోట్ ట్రౌట్‌ను తినేసింది. కట్‌త్రోట్ గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కి ఎలుగులకు దొరికేది. లేక్ ట్రౌట్ సరస్సులోనే గుడ్లు పెడుతుంది, కాబట్టి ఎలుగుకు అందదు. మలంలోని శాతాలే చూసేవాడికి ఇంత నష్టమూ నాలుగు పొలుసుల తేడాగానే కనిపిస్తుంది.

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: ముందు తేదీ, తర్వాత ఎత్తు, ఆ తర్వాతే మలం. ఏప్రిల్‌లో లోయల్లో అయితే చలికి చచ్చిన ఎల్క్, బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) కళేబరాలు, లేత గడ్డి. మే చివరి నుంచి దూడలు, అదీ కొన్ని వారాలే, తర్వాత అవి పరుగులో చిక్కవు. ఆగస్టులో చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, అబ్సరోకా కొండల రాళ్ల పోగుల్లో అయితే చిమ్మటలు. మైదానాల పొలాల నుంచి ఎగిరొచ్చిన ఆర్మీ కట్‌వార్మ్ చిమ్మటలు రాత్రి పూలతేనె తాగి, పగలు రాళ్ల కింద దాక్కుంటాయి. ఎలుగు ఆ రాళ్లు తిరగేసి రోజుకు 40,000 దాకా తినగలదు. అప్పటికి వాటి ఒళ్లంతా కొవ్వే.

సెప్టెంబర్‌కి వైట్‌బార్క్ పైన్ గింజలు. ఎలుగు వాటి కోసం చెట్టెక్కదు, ఎర్ర ఉడుతలు దాచుకున్న కాయల గుట్టలు తవ్వుతుంది. బెర్రీలు ఎక్కువ రాయకండి, ఎల్లోస్టోన్‌లో వాటి పంట తక్కువే.

సాధన: సెప్టెంబర్ 20, ఎత్తు 2,700 మీటర్లు. మలంలో పైన్ పెంకులు 60, గడ్డి 30, వెంట్రుకలు 10 శాతం. పెంకుల గుణకం 1.5 అనుకోండి. లెక్క కట్టాక, పైన్ కాయలు కాయని ఏడాదికి అదే తేదీన అదే ఎలుగు ఎక్కడుంటుందో, మలంలో ఏం మిగులుతుందో ఒక పేజీ రాయండి. ఆ ఎలుగు మనుషుల ఇళ్ల వైపు ఎందుకు దిగుతుందో అందులో రావాలి. ఓపికుంటే మన నల్లమల ఎలుగుబంటి మీదా ప్రయత్నించండి: చెదపురుగులు, ఇప్పపూలు, తునికి పండ్లు. ఈ మూడింటిలో ఏది మలంలో అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకు?