ధ్రువాల వైపు సాగే వాతావరణ నదిని పటంలో గుర్తుపట్టడం ఎలా

ఉప ఉష్ణమండల సముద్రాల మీది నీటి ఆవిరిని మోసుకుంటూ, వేల కిలోమీటర్ల పొడవున, కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున సన్నగా సాగే గాలి పట్టీని వాతావరణ నది అంటారు. అది ధ్రువ ప్రాంతానికి చేరి కురిపించే తీరును ఉచితంగా దొరికే పటాల మీదే చూడవచ్చు. సాధన చేయడానికి 2022 మార్చిలో తూర్పు అంటార్కిటికాను తాకిన వాతావరణ నది కంటే మంచి ఉదాహరణ లేదు.

ముందుగా నల్‌స్కూల్ ఎర్త్ వెబ్‌సైటు తెరిచి, తేదీని 2022 మార్చి 15కు మార్చి, గాలిలోని మొత్తం నీటి ఆవిరిని చూపే టీపీడబ్ల్యూ పొరను ఎంచుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. నైరుతి రుతుపవనాల కాలంలో విశాఖ మీద 60 మిల్లీమీటర్ల ఆవిరి (అంటే అదంతా నీరుగా మారితే నిలిచే లోతు) ఉండటం మామూలే కాబట్టి, మన కళ్లు ఆ ముదురు రంగులనే వెతుకుతాయి. అంటార్కిటికా తీరంలో 10 మిల్లీమీటర్లు కూడా చాలా ఎక్కువ. అందువల్ల రంగును నమ్ముకోకుండా, పట్టీ మీదా దాని పక్కనా నొక్కి, వచ్చిన అంకెలను పోల్చాలి. ఆవిరి ఎంత ఉందన్నదే కాక, గాలి దాన్ని ఎంత జోరుగా మోసుకెళ్తోందన్నదీ ముఖ్యమే కనుక, గాలి గీతలు పట్టీ వెంబడే ధ్రువం వైపు సాగుతున్నాయో లేదో గమనించాలి.

తరువాత సముద్ర మట్టపు పీడనాన్ని చూపే పొరకు మారాలి. పట్టీకి పడమట అల్పపీడనం, తూర్పున కదలకుండా నిలిచిన అధిక పీడనం ఉంటే, ఆ రెండింటి నడుమ గాలి ధ్రువం వైపు తోసుకుపోతుంది. ఉత్తరార్ధగోళంలోనూ అమరిక ఇదే. అయితే గోళాన్ని దక్షిణ ధ్రువం వైపు తిప్పి చూసేటప్పుడు దిక్కులు తికమక పెడతాయి. ధ్రువానికి ముఖం పెట్టి నిలబడితే తూర్పు ఎడమచేతి వైపు ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఎక్కడ కురుస్తుందన్నది నేల వాలును బట్టి తెలుస్తుంది. అంటార్కిటికా మంచు ఫలకం తీరం నుంచే బాగా వాలుగా పైకి లేస్తుంది కనుక, తేమ గాలి ఆ వాలు ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీటిలో చాలా భాగాన్ని అక్కడే దించేస్తుంది. లోపలికి చేరే తేమ తక్కువే అయినా, దానితోపాటు వచ్చే వెచ్చని గాలీ, నేల వేడిని పైకి పోనివ్వని మేఘాలూ పెద్ద మార్పే తెస్తాయి. తీరానికి దాదాపు 1,100 కిలోమీటర్ల దూరాన, 3,200 మీటర్ల ఎత్తున ఉన్న కాంకోర్డియా పరిశోధన కేంద్రంలో మార్చి 18న ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల సమీపానికి, అంటే ఆ నెల మామూలు కంటే 35 డిగ్రీలకు పైగా ఎక్కువకు చేరింది. అంత వెచ్చబడినా సున్నాకు దిగువే కాబట్టి పీఠభూమి మీద పడగలిగింది మంచే. తీరంలో మాత్రం వాన కూడా పడింది. కనుక మంచా, వానా అని తేల్చే ముందు ఉష్ణోగ్రత పొరను తప్పక చూడాలి.

పటంలో కనిపించే అవపాతం (కురిసే వాన, మంచు) కంప్యూటర్ నమూనా వేసిన లెక్క మాత్రమే. కేంద్రాల దగ్గర కొలిచిన మంచు సైతం పూర్తిగా నమ్మదగినది కాదు, ఎందుకంటే ఈదురుగాలి పాత మంచును లేపి తెచ్చి కొలబద్ద దగ్గర పోగు చేస్తుంది. అయినా ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే వాతావరణ నదుల వాటా దాగదు: మన మైత్రి కేంద్రం డ్రోనింగ్ మాడ్ లాండ్ ప్రాంతంలోనే ఉంది, ఆ ప్రాంతపు తూర్పు భాగంలో 2009, 2011 సంవత్సరాల్లో అసాధారణంగా పేరుకున్న మంచులో సింహభాగాన్ని కొద్దిపాటి వాతావరణ నదులే తెచ్చాయి.

రెండో సాధనకు 2021 ఆగస్టు 14 తీసుకోవచ్చు. ఆ రోజు గ్రీన్‌లాండ్ మంచు ఫలకం శిఖరాన, 3,216 మీటర్ల ఎత్తున, నమోదైన చరిత్రలో మొదటిసారి వాన కురిసింది. అల్పపీడనాన్ని బాఫిన్ దీవి మీద, అధిక పీడనాన్ని గ్రీన్‌లాండ్‌కు ఆగ్నేయంగా వెతకాలి. ఈసారి ముఖం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి తూర్పు కుడిచేతి వైపుకు వస్తుంది.