ఒకే గూగుల్ డాక్‌లో గ్రూపు ప్రాజెక్టు రాయించడం ఎలా?

అయిదుగురు పిల్లలకు కలిపి ప్రాజెక్టు ఇస్తే ఏమవుతుందో టీచర్లందరికీ తెలుసు. దస్తూరీ బాగున్న అమ్మాయి మొత్తం రాస్తుంది, మిగతా నలుగురి పేర్లు అట్ట మీద ఉంటాయి. వర్డ్ ఫైలు వాట్సాప్‌లో తిప్పినా అంతే. రెండు రోజులు తిరిగేసరికి ‘ఫైనల్’ ఒకటి, ‘కొత్త ఫైనల్’ ఒకటి తేలతాయి, ఏది అసలుదో ఎవరికీ తెలియదు. గూగుల్ డాక్ నెట్‌లో ఉండే ఫైలు. అందులో అందరూ ఒకే కాగితం మీద రాస్తారు, ఎవరు ఏ వాక్యం రాశారో కూడా అది ‘వెర్షన్ హిస్టరీ’లో గుర్తుపెట్టుకుంటుంది. అయితే లింకు పడేసి ‘రాయండి’ అంటే మాత్రం గందరగోళమే మిగులుతుంది.

ఉదాహరణకు తొమ్మిదో తరగతిలో 40 మంది ఉన్నారు, సోషల్ ప్రాజెక్టు ‘మన ఊరి చెరువు’ అనుకుందాం.

ముందు రోజు మీరు చేయాల్సినవి

ఒక డాక్‌ను ఒకేసారి 100 ట్యాబులు లేదా ఫోన్ల నుంచి ఎడిట్ చేయొచ్చు. కాబట్టి 40 మందీ ఒకే దాంట్లో పడతారు, కానీ అలా వదలొద్దు. అయిదుగురికి ఒకటి చొప్పున 8 డాక్‌లు చేయండి. ‘9బి – గ్రూపు 3 – చెరువు’ అన్నట్టు పేర్లు పెట్టండి. డాక్ మీ అకౌంట్లోనే తయారవ్వాలి. పిల్లల్లో ఒకరు తయారుచేసి తర్వాత పొరపాటున డిలీట్ చేస్తే గ్రూపు మొత్తానికీ పోతుంది.

లోపల ఖాళీ పేజీ ఉంచకండి. ఒకే నిలువు వరుస ఉన్న టేబుల్ పెట్టి, ఒక గడిలో శీర్షిక, పిల్లవాడి పేరు, దాని కింది గడిలో రాసుకునే చోటు ఇవ్వండి. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, చెరువు ఇప్పటి పరిస్థితి: అయిదుగురికి అయిదు. ఎవరి గడి వారిదైతే ఒకరి పేరాలోకి ఇంకొకరు దూరరు. పక్కపక్కన రెండు వరుసలు పెడితే ఫోన్ తెర మీద అక్షరాలు ఇరుకైపోతాయి.

షేర్ నొక్కి ప్రతి విద్యార్థి జీమెయిల్‌నూ విడిగా చేర్చి ‘ఎడిటర్’ హక్కు ఇవ్వండి. సులువని ‘లింకున్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు’ అని తెరిచేస్తే, లాగిన్ కాకుండా వచ్చినవాళ్లు ఏదో జంతువు పేరుతో ‘అనానిమస్’గా కనిపిస్తారు. ఎవరి పని ఎంతో తేలదు. షేర్ సెట్టింగుల్లో ఎడిటర్లు ఇతరులకు షేర్ చేసే వీలు ఉంటుంది, ఆ టిక్కు కూడా తీసేయండి.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. అక్కడ ‘ప్రతి విద్యార్థికీ ఒక కాపీ’ ఎంచుకుంటే గ్రూపు డాక్ కాస్తా ఎవరిది వారికి విడి కాపీలైపోతుంది. గ్రూపు పనికి ‘విద్యార్థులు ఫైలు ఎడిట్ చేయొచ్చు’ అన్నదే ఎంచుకుని, ఆ అయిదుగురికే అసైన్ చేయండి.

ఫోన్ దగ్గర వచ్చే చిక్కులు

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అకౌంటు సమస్య. పిల్లలు వాడేది ఇంట్లో నాన్న ఫోను. డాక్స్ యాప్‌లో ఆయన అకౌంటే తెరిచి ఉంటుంది. దాంతో ఫైలు తెరుచుకోక అనుమతి అడుగుతుంది. మీరు చూసుకోకుండా అనుమతి ఇచ్చేశారంటే హిస్టరీ నిండా నాన్న పేరే. యాప్‌లో పై మూలనున్న బొమ్మ నొక్కి అకౌంటు మార్చుకోవడం మొదటి రోజే చేసి చూపించండి.

టైపింగ్‌కు గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. మైకు నొక్కి మాట్లాడినా అక్షరాలు పడతాయి, కాకపోతే ఊరి పేర్లు తప్పుతాయి, ఫుల్‌స్టాపులు చాలాసార్లు రావు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినది తెచ్చి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. ఎందుకంటే అది ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో ఉండదు. దాన్ని కన్వర్టర్‌లో మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి.

ఫోనే లేని పిల్లలు కాగితం మీద రాసిస్తారు. స్నేహితులు టైపు చేస్తే గడి చివర ‘రాసింది ఫలానా, టైపు చేసింది ఫలానా’ అని ఉండాలి. హిస్టరీకి తెలిసేది ఎవరి వేళ్లు ఆడాయన్నది మాత్రమే.

మొత్తం చెరిగిపోతే

ఎవరో ఒకరు అంతా సెలెక్ట్ చేసి చెరిపేస్తారు, ఇది తప్పదు. చెరిపినవాళ్లు వెంటనే అన్‌డూ కొడితే సరిపోతుంది. వేరేవాళ్లు కొడితే వాళ్లు చేసిన మార్పే వెనక్కి పోతుంది తప్ప పోయింది రాదు. కంప్యూటర్లో ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవండి. అక్కడ ‘రిస్టోర్’ నొక్కడానికి తొందరపడకండి. ఆ వెర్షన్ తర్వాత మిగతా నలుగురు రాసింది కూడా దాంతోపాటు వెనక్కి పోతుంది. పాత వెర్షన్‌లోంచి పోయిన భాగం మాత్రం కాపీ చేసుకుని ఇప్పటి డాక్‌లో అతికించడం మేలు.

కామెంట్లు

అసలు పాఠం జరిగేది ఇక్కడే. చాలామంది టీచర్లు డాక్ తెరిచి తామే దిద్దేస్తారు. అప్పుడది టీచరు రాసిన ప్రాజెక్టు అవుతుంది. అక్షరదోషాలకు ‘సజెస్టింగ్’ మోడ్ (దిద్దుబాటు సూచనగా మాత్రమే కనిపించేది) వాడండి, విషయానికి కామెంటు పెట్టండి. ఇలా:

రాసింది: ‘మా చెరువు చాలా పెద్దది. దాని కింద చాలా పొలాలు పండుతాయి.’

కామెంటు: ‘రెండు “చాలా”ల బదులు రెండు అంకెలు కావాలి. ఎవరిని అడుగుతావు?’

జవాబు: ‘చెరువు నీళ్లు వదిలే నీరటి తాతను అడుగుతా సార్.’

తర్వాత: ‘చెరువు కింద 120 ఎకరాల ఆయకట్టు ఉంది. యాసంగిలో తూము దగ్గరి 40 ఎకరాలకే నీళ్లందుతాయని నీరటి చెప్పాడు.’

ఒక గడికి మూడు కామెంట్లు మించొద్దు. పది పెడితే ఒక్కటీ చదవరు. కామెంటు వచ్చినట్టు మెయిల్ వెళ్లినా పిల్లలు మెయిల్ చూడరు, కాబట్టి ‘శుక్రవారంలోగా జవాబు’ అని తరగతిలోనే చెప్పండి. మార్పు సరిగా వచ్చాక కామెంటును ముగించే ‘రిజాల్వ్’ నొక్కేది మీరే. పిల్లలకు వదిలితే జవాబు రాయకుండానే నొక్కి మాయం చేస్తారు.

10 మార్కులుంటే సొంత గడికి 5, కామెంట్లకు ఇచ్చిన జవాబులకు 3, పక్కవాళ్ల గడిలో పెట్టిన పనికొచ్చే కామెంట్లకు 2 ఇవ్వొచ్చు. ‘సూపర్’ అన్నది కామెంటు కింద లెక్కకు రాదని ముందే చెప్పాలి.

గడువు రోజు రాత్రి అందరినీ ‘వ్యూయర్’గా (చదవడానికి మాత్రమే వీలుండేలా) మార్చి, పీడీఎఫ్‌ను దించుకోండి. పీడీఎఫ్‌లో ఈ కామెంట్ల సంభాషణ రాదు కాబట్టి మార్కుల రిజిస్టర్ మూసేదాకా డాక్‌ను తీసేయకండి.