సీజన్ పార్కు అటెండెంట్ల టెండరు: బరంపురం, పర్లాకిమిడి వైపు చిన్న కాంట్రాక్టర్లకు దరఖాస్తు విధానం

కార్తీక వనభోజనాలు మొదలయ్యాక మహాశివరాత్రి దాకా ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్, తప్తపాణి వేడినీటి బుగ్గ, గండాహతి జలపాతం, మహేంద్రగిరి దారి జనంతో నిండిపోతాయి. ఇలాంటి చోట్ల ఆ నాలుగు నెలలూ గేటు చూడ్డానికి, చెత్త ఎత్తడానికి, మరుగుదొడ్లు కడగడానికి, పిల్లలు నీళ్ల అంచుకు పోకుండా కనిపెట్టడానికి మనుషులు కావాలి. మునిసిపాలిటీ, ఎన్‌ఏసీ (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్), అటవీ డివిజన్ ఆఫీసులు వాళ్లను నేరుగా పనిలో పెట్టుకోకుండా, మనుషుల్ని సమకూర్చే కాంట్రాక్టుకు టెండరు పిలవడం మామూలే. పదీ పన్నెండు మందిని నడపగల చిన్న కాంట్రాక్టరుకు ఇది అందే పనే. అయినా కాగితం సరిపోక కొందరు రేటు చూడకముందే, కాగితాలు పెట్టే మొదటి కవరులోనే పోతున్నారు. ఇంకొందరు పని దక్కించుకుని, రేటు తప్పువేసిన పాపానికి అప్పుల్లో పడుతున్నారు. రెండో రకం దెబ్బే పెద్దది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు టెండరు నోటీసు పూర్తిగా చదవండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోతే చదివే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి షరతూ చెప్పించుకోండి. అందులో మూడు విషయాలు వెతకాలి. అడిగింది అటెండెంట్లనా, సెక్యూరిటీ గార్డులనా? గార్డులు అని ఉంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి, అది లేకపోతే వేయకండి. బిడ్ (మీ రేటుతో వేసే దరఖాస్తు) ఎక్కడ వేయాలి: సీలు కవరులోనా, రాష్ట్ర టెండరు పోర్టల్‌లోనా, కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లోనా? ఇక అసలు ఆ పార్కు టెండరుకు వస్తోందా అన్నది మూడోది. ఒడిశా పట్టణాల్లో కొన్ని పార్కుల నిర్వహణ మిషన్ శక్తి మహిళా సంఘాలకు అప్పగిస్తున్నారు. అలాంటి చోట "టెండరు ఇప్పిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

కాగితాలు

పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ (చిన్న సంస్థల) నమోదు, పనివాళ్ల భవిష్యనిధికి ఈపీఎఫ్ కోడ్, వైద్య బీమాకు ఈఎస్‌ఐ కోడ్, ఆదాయపు పన్ను రిటర్నులు, సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్, బ్లాక్‌లిస్టులో లేమని అఫిడవిట్, పాత పని అనుభవ పత్రం, అవసరమైతే జీఎస్‌టీ. దాదాపు అన్ని నోటీసులూ ఇవే అడుగుతాయి. ఉద్యమ్, ఈపీఎఫ్, ఈఎస్‌ఐ, జెమ్ నమోదులకు ప్రభుత్వ ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని నింపిపెట్టినందుకు కూలి ఇవ్వొచ్చు గానీ, "గవర్నమెంట్ ఫీజు" అని వేలు అడిగితే లేచి వచ్చేయండి.

మన తెలుగువాళ్లకు మాత్రం పేరు దగ్గర ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర రాస్తారు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరుతో, పాన్‌లో తిరగేసి, బ్యాంకులో ఒక్క అక్షరంతో, ఇలా ఒకే మనిషి ముగ్గురుగా కనిపిస్తాడు. సీలు కవరు టెండరులో "ఈ పేర్లన్నీ ఒకరివే" అని నోటరీ అఫిడవిట్ పెడితే నడవొచ్చు. పోర్టల్‌కు అఫిడవిట్ తెలియదు, సరిపోకపోతే ముందుకు పోనివ్వదు. సరిచేయించే వరస కూడా ముఖ్యమే. మొదట ఆధార్, పాన్ రెండూ అక్షరం తేడా లేకుండా చేయించండి. ఉద్యమ్, జీఎస్‌టీ నమోదులు ఈ రెండింటి మీదే ఆధారపడతాయి కాబట్టి అవి ఆ తర్వాత. పోర్టల్‌లో బిడ్ వేయడానికి కొనుక్కునే డిజిటల్ సంతకం, బ్యాంకు చివర. ముందే డిజిటల్ సంతకం కొనేసి తర్వాత పాన్ మార్చితే మళ్లీ కొనాల్సి వస్తుంది. ఇదంతా నోటీసు పడ్డాక మొదలుపెడితే గడువులోపు అవదు. వానాకాలంలోనే పూర్తిచేసి పెట్టుకోండి.

అనుభవ పత్రం శ్రీకాకుళం వైపు ఆఫీసు తెలుగులో ఇచ్చినదైతే ఇంగ్లీషు అనువాదం చేయించి, నోటరీ వేయించి, అసలుతో కలిపి పెట్టండి. అనుభవ పత్రాలు అమ్ముతామనేవాళ్లు ఉన్నారు, వాళ్ల నీడ కూడా తొక్కకండి. పత్రం ఇచ్చిన ఆఫీసుకు ఉత్తరం రాసి అడిగితే తేలిపోతుంది. అప్పుడు ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) పోవడమే కాదు, బ్లాక్‌లిస్టులో పేరు పడుతుంది. అనుభవం లేదా, అనుభవం అడగని చిన్న కొటేషన్ పనితో మొదలుపెట్టండి.

ఈఎండీ విషయంలో చాలామంది ఉద్యమ్ ఉంది కదా అని డీడీ మానేస్తారు. మినహాయింపు ఉందని నోటీసులో రాసి ఉంటేనే మానాలి. డీడీ ఎవరి పేరున, ఏ ఊళ్లో చెల్లాలో నోటీసు చూసి అక్షరం పొల్లుపోకుండా రాయించండి.

రేటు పట్టీ

అసలు మునిగేది ఇక్కడే. నోటీసులో "10 పాయింట్లు, నాలుగు నెలలు" అని ఉంటుంది. పాయింటు అంటే రోజూ ఒక మనిషి ఉండాల్సిన చోటు. చాలామంది 10 మంది, నెలకు 26 రోజులు అని లెక్కేసి రేటు వేస్తారు. పార్కు మాత్రం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది, ఆదివారమే జనం ఎక్కువ. 10 పాయింట్లు, 30 రోజులు అంటే 300 డ్యూటీలు. వారానికి ఒక సెలవు ఇస్తే ఒక మనిషి చేసేది 26. మూడు వందలను ఇరవయ్యారుతో భాగించండి, పదకొండున్నర పైన వస్తుంది. అంటే మీకు కావలసింది 12 మంది.

లెక్క సులువు కోసం రోజు కూలి 500 అనుకుందాం (అసలు రేటు కార్మిక శాఖ తాజా ఉత్తర్వులో చూడాలి). 300 డ్యూటీలకు నెలకు 1,50,000. దానిమీద యజమాని వాటాగా ఈపీఎఫ్ అన్ని ఖర్చులతో 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, కలిపి 16.25 శాతం. మొత్తం 1,74,375. అదే 260 డ్యూటీల లెక్కతో వేసినవాడికి 1,51,125 వస్తుంది. తేడా నెలకు 23,250, నాలుగు నెలలకు 93,000. ఆ సొమ్ము ఆఫీసు ఇవ్వదు, మీ జేబులోంచి పోవాలి. యూనిఫాం, చేతి తొడుగులు, చీపుర్లు, ఫినాయిల్ ఎవరివో నోటీసులో చూసి, మీవైతే అవి కూడా కలపండి. చట్టప్రకారం ఈఎస్‌ఐ 10 మంది దగ్గర, ఈపీఎఫ్ 20 మంది దగ్గర మొదలవుతాయి. అయినా 12 మందికే ఈపీఎఫ్ అడిగే నోటీసులు ఉంటాయి, అడిగితే రేటులో వేయాల్సిందే.

ఒడిశాలో కనీస వేతనంలో కలిసే కరువు భత్యం ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో మారుతుంది. సెప్టెంబర్‌లో బిడ్ వేసి నవంబర్‌లో పని మొదలుపెడితే, పెరిగిన కూలి ఎవరు భరించాలన్నది ప్రశ్న. "సవరించిన కనీస వేతనం ప్రకారం చెల్లిస్తాం" అనే వాక్యం నోటీసులో లేకపోతే ప్రీ-బిడ్ (బిడ్లకు ముందు ఆఫీసు పెట్టే) సమావేశంలోనో, ఉత్తరంతోనో అడిగి జవాబు రాతలో తీసుకోండి. లేబర్ లైసెన్సు సంగతి కూడా అలాగే అడగండి: 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో 20 మంది దగ్గర అవసరమయ్యేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో 50 మంది. పాత నమూనా నోటీసుల్లో ఇంకా 20 అనే ఉండొచ్చు. జీఎస్‌టీ మాట: మునిసిపాలిటీకి, ఎన్‌ఏసీకి పార్కు నిర్వహణ కోసం మనుషుల సేవ మాత్రమే ఇస్తే 2017 నాటి 12వ నంబరు నోటిఫికేషన్ కింద పన్ను లేదు, ఎందుకంటే పార్కులు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థల పనిగా ఉన్నాయి. అదే పని ప్రభుత్వ కంపెనీ లాంటి కార్పొరేషన్‌కు (మునిసిపల్ కార్పొరేషన్ కాదు) చేస్తే ఆ మినహాయింపు ఉండదు, 18 శాతం పడుతుంది.

దళారులు చెప్పే మాట ఒకటుంది: "రేటు తగ్గించి వేయండి, పని వచ్చాక కూలీల దగ్గర సర్దుకోవచ్చు." దయచేసి వినకండి. బిల్లుతో పాటు బ్యాంకు ద్వారా జీతం వేసిన పట్టీ, ఈపీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు అడుగుతారు. కూలి తగ్గితే పనివాళ్లు లేబర్ ఆఫీసుకు వెళ్తారు, పని ఇచ్చిన ఆఫీసు ఆ పనివాళ్లకు నేరుగా చెల్లించి మీ బిల్లులో కోస్తుంది. అంతకంటే ముందు, మరుగుదొడ్లు కడిగే మనిషి కూలి కోయడం న్యాయం కాదు. సర్వీస్ చార్జీ (మీకు మిగిలే వాటా) సున్నా వేయడం కూడా తప్పే. చాలాచోట్ల అలాంటి బిడ్‌ను పక్కన పెట్టేస్తారు.

ఇంకో లెక్క చేతిలో డబ్బుది. జీతం వచ్చే నెల 7లోపు, చలాన్లు 15లోపు కట్టాలి. మీ బిల్లు మాత్రం ఆ తర్వాతే కదులుతుంది. పై లెక్కలో రెండు నెలలకు సుమారు మూడున్నర లక్షలు చేతిలో లేకపోతే వేయకపోవడమే మంచిది.

రాష్ట్ర పోర్టల్‌లో వేసేటప్పుడు

క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలి. సంతకానికి, ఎన్‌క్రిప్షన్‌కు (బిడ్ ఇతరులు చదవకుండా తాళం వేయడానికి) రెండూ ఉన్నదే కొనండి. సంతకం ఒక్కటే ఉన్నది అంటగట్టి, చివరి రోజు మళ్లీ రమ్మనే దుకాణాలున్నాయి. ఆ యూఎస్‌బీ టోకెన్ ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి, పిన్ చెప్పకండి. దానితో వేసిన బిడ్‌కు బాధ్యులు మీరే.

రేటు నింపే ఎక్సెల్ ఫైలు పేరు మార్చకండి, గడులు చెరపకండి. మారితే బిడ్ తిరస్కరిస్తారు. అన్నీ ఎక్కించాక "ఫ్రీజ్ బిడ్" నొక్కితేనే బిడ్ వేసినట్టు. అది నొక్కకుండా బయటికొచ్చేసి, వేశామనుకుని తెరిచే రోజు ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఉంటారు. నొక్కాక వచ్చే రసీదు ప్రింటు తీసుకోండి. గడువుకు పోర్టల్ గడియారమే లెక్క. చివరి గంటలో సర్వర్ నెమ్మదిస్తుంది కాబట్టి ముందు రోజే ముగించండి.

పని దక్కాక సెక్యూరిటీ డిపాజిట్ కట్టి, ఒప్పందం మీద సంతకం చేసేముందు పాయింట్ల సంఖ్య, రోజుల సంఖ్య మీ బిడ్‌తో సరిపోయాయో చూసుకోండి. సీజన్ అయ్యాక పని పూర్తయిన పత్రం అడిగి తీసుకోండి, వచ్చే ఏడాదికి అదే మీ అనుభవ పత్రం. డిపాజిట్ వాపసుకు చివరి నెల చలాన్లు జతచేసి, లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.