దెబ్బతిన్న స్పోర్ట్స్ కారు కొనాలా వద్దా – పాఠం 4: మడత ఎక్కడ ఆగింది?

ఈసారి కొలతలు నేర్పుతానని పోయినసారి మాటిచ్చాను. నేర్పుతాను, కానీ ముందు మూడో పాఠం తెచ్చిపెట్టిన గొడవ తేల్చుకోవాలి. "మార్కెట్ ధరలోంచి రిపేరు ఖర్చూ, మీకు మిగలాల్సిందీ తీసేయండి, వచ్చినదానికి ఒక్క డాలర్ కూడా మించి వేలంలో పాడకండి" అని రాసి ఊరుకున్నాను. ఏ మార్కెట్ ధరో చెప్పలేదు. అది అందరికీ తెలుసనుకున్నాను. తెలియదట. చాలామంది నన్నే తిట్టారు, తిట్టాల్సిందే. ఒకరైతే తిట్టే ముందే కారు కొనేశారు.

డాలస్ పక్కన ఉండే తమ్ముడొకడు దెబ్బతిన్న కార్ల వేలంలో 2019 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ పాడుకున్నాడు. ముందు భాగం దెబ్బ, సాల్వేజ్ టైటిల్, అంటే బాగా దెబ్బతిన్న కారని యాజమాన్య పత్రం మీదే రాసి ఉంటుంది. వేలం సైట్‌లో ఆ కారు పేజీలో, అంటే లాట్ పేజీలో, ఎస్టిమేటెడ్ రిటైల్ వాల్యూ అని 26,000 డాలర్లు కనిపించింది. పార్టులు 6,400, పెయింటు 2,500, ఎయిర్‌బ్యాగులూ బెల్టులూ 2,200, వేలం ఫీజులూ టోయింగూ కాగితాలూ 1,700, మొత్తం 12,800 అని వేసుకున్నాడు. ఇంతవరకు లెక్క చక్కగా వేశాడు, నిజానికి నాకంటే శుభ్రంగా వేశాడు. 26,000లోంచి అది తీసేస్తే 13,200. అందులో 5,000 తనకి మిగలాలనుకుని 8,200కి పాట ఆపాడు, గెలిచాడు.

ఆ 26,000 దెబ్బ తగలని కారు ధర. మీరు అమ్మబోయేది ఆ కారు కాదు. ఎంత బాగా కట్టినా టైటిల్ మీద రీబిల్ట్, అంటే మళ్లీ కట్టిందన్న ముద్ర ఆ కారు బతికినన్నాళ్లూ ఉంటుంది. దానికి నేను 30 శాతం కోస్తాను. 20 చాలనేవాళ్లున్నారు, 40 కోసేవాళ్లూ ఉన్నారు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు అలాంటి కారుకి ఫుల్ కవరేజీ ఇవ్వవు, కొందరు డీలర్లు ఎక్స్ఛేంజీకి కూడా తీసుకోరు, కొనేవాడు ఇవన్నీ మనసులో పెట్టుకునే బేరమాడతాడు. అంటే ఆ మస్టాంగ్ కట్టాక 18,200. అతనికి పడబోయేది 8,200, 12,800 కలిపి 21,000. నెలల తరబడి గరాజ్‌లో కష్టపడి 2,800 నష్టానికి అమ్ముకోవాలి. కనపడని ఖర్చు కోసం పార్టులు, పెయింటు, ఎయిర్‌బ్యాగుల మీద నేను ఎప్పుడూ 15 శాతం పక్కన పెడతాను, ఇక్కడ అది 1,665. అది కూడా తీస్తే, లాభం ఒక్క డాలర్ లేకుండానే, నా పాట 3,700 దగ్గర ఆగిపోయేది. ఆ ధరకి ఎవరూ ఇవ్వరు కదా అంటే, ఇవ్వరు, అందుకే చాలా కార్లు నేను కొనను.

అమ్మడానికి కాదు, నేనే నడుపుకుంటాను అంటారా? అప్పుడు ఆ 30 శాతం వెంటనే కుట్టదు, లెక్క కొంచెం వదులు చేసుకోవచ్చు. కానీ ఆ మాట పాడకముందు అనుకుంటే నిర్ణయం, పాడాక అనుకుంటే సర్దుబాటు.

టైటిల్ రకాలు రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం: టెక్సాస్‌లో నాన్‌రిపేరబుల్ అని ఉంటే అది మళ్లీ రోడ్డెక్కదు, మీరు బంగారంతో కట్టినా సరే. సాల్వేజ్ అయితే మళ్లీ కట్టామని రాసిచ్చే వీటీఆర్-61 ఫారం, 65 డాలర్ల రీబిల్ట్ సాల్వేజ్ ఫీజు, మిగతా మామూలు ఖర్చులు. వేరే రాష్ట్రాల్లో పేర్లూ పద్ధతులూ వేరు, మీ రాష్ట్రానివి మీరే చూసుకోండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి, లాట్ పేజీలో వేలంవాళ్లు వేసే ఒక ముద్ర. రన్ అండ్ డ్రైవ్.

ఆ తమ్ముడు నాకు మొదట పంపిన మాట ఇదే, "అన్నా, రన్ అండ్ డ్రైవ్ అని ఉంది, ఇంజినూ గేర్‌బాక్సూ బాగున్నట్టే కదా." కాదు. ఆ ముద్రకి అర్థం, బండి వేలంవాళ్ల యార్డుకి వచ్చిన రోజు స్టార్ట్ అయింది, గేర్ పడింది, తనంతట తాను కాస్త ముందుకి కదిలింది, అంతే. ఎంత దూరం కదిలిందో, కదిలేటప్పుడు ఏం చప్పుడు వచ్చిందో, కూలెంట్ ఉందో లేదో, స్టీరింగ్ తిన్నగా ఉందో లేదో ఆ ముద్ర చెప్పదు. మీరు కొనే రోజుకి కదులుతుందని కూడా చెప్పదు. రేడియేటర్ పగిలిన కారు కూడా ముప్పై సెకన్లు హాయిగా నడుస్తుంది, ఆ ముప్పై సెకన్లు చాలు ముద్ర పడటానికి. ఫ్రేమ్ రెయిల్ వంకర పోయిన కారు కూడా నడుస్తుంది. కొంచెం పక్కకి లాగుతూ నడుస్తుంది, కానీ నడుస్తుంది. ఒకసారి నేను చూసిన కారుకి ఈ ముద్ర ఉంది, వంగి కింద చూస్తే ఆయిల్ పాన్ పగిలి కంకర మీద నల్లటి మడుగు. స్టార్ట్ చేసి చూపిస్తామన్నారు, వద్దు బాబోయ్ అన్నాను. అసలు ఆ ముద్ర చూసి పాట పెంచేవాళ్లు ఎక్కువ, అంటే ఏమీ చెప్పని మాటకి మీరు డబ్బు కడుతున్నారు. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. నా పద్ధతి, ఆ గడిని చూడను. చూసినా లెక్కలోకి తీసుకోను. ఇంకోసారి ఎవరైనా ఆ మాటతో మొదలుపెట్టి నన్ను అడిగితే జవాబివ్వను, ముందే చెబుతున్నాను.

మరి ఏం చూడాలి? మడత ఎక్కడ ఆగిందో చూడాలి. ముందు నుంచి తగిలిన దెబ్బ బంపర్‌తో మొదలై దాని వెనక బీము, క్రష్ బాక్సులు, రేడియేటర్ సపోర్టు, ఆ తర్వాత రెండు పక్కలా పొడుగ్గా పోయే ఫ్రేమ్ రెయిల్స్, ఇలా వెనక్కి నడుస్తుంది. ముందున్నవి నలగడానికే చేసినవి, నలిగితే మార్చుకోవచ్చు. ముందు చక్రం పైన షాక్ అబ్జార్బర్ తల కూర్చునే గట్టి గిన్నెలాంటి భాగం ఉంటుంది చూశారా, స్ట్రట్ టవర్, అదే నా గీత. మడత దానికి ముందే ఆగిపోతే మాట్లాడుకుందాం. టవర్ జరిగిందంటే నేను ఇంటికెళ్లిపోతాను. ఆ చుట్టుపక్కల వాడేది గట్టి స్టీలు, వేడిచేసి లాగితే బలం పోతుంది. కంపెనీ చెప్పిన చోట కోసి కొత్తది వెల్డ్ చేయాలి, దానికి బాడీని బిగించి కొలతలకి తెచ్చే ఫ్రేమ్ బెంచి కావాలి. నా దగ్గర లేదు, మీ దగ్గరా ఉండదు.

పోయిన ఆగస్టులో ఒక టొయోటా జీఆర్86 చూడటానికి వెళ్లాను. ఎండకి హుడ్ మీద చెయ్యి పెట్టలేం. బయట చూస్తే కుడి మూల బంపరు, హెడ్‌లైటు, ఫెండరు, అంతే, నోరూరించే బేరం. కుడి టవర్ అంచు కింద వేలు పోనిచ్చాను. రెండు రేకులు కలిసే చోట కంపెనీవాళ్లు పూసే సీలర్ నున్నగా, రబ్బరులా తగలాలి. గరుగ్గా తగిలింది. టార్చ్ వేసి చూస్తే ఎండిన చెరువు మట్టిలా బీటలు, ఆ బీటల్లో రంగు ఊడి బయటపడ్డ రేకు తళుక్కుమంటోంది. ఎడమ వైపు అదే చోట ఒక్క గీత లేదు. టేపు తీసి ఐమూలగా కొలిస్తే 9 మిల్లీమీటర్ల తేడా. నేను 3 దాటితే వదిలేస్తాను.

ఐమూల కొలత ఇలా. ఎడమ టవర్ మీద ఒక బోల్టు మధ్య నుంచి, కారు ముందు అద్దం కింద కుడి చివర బాడీలోనే వేసిన రంధ్రం దాకా. మళ్లీ కుడి టవర్ నుంచి ఎడమ చివరకి, అద్దంలో ప్రతిబింబంలా సరిగ్గా అవే గుర్తులు. హుడ్ హింజ్ బోల్టు నుంచి కొలవకండి, అది సర్దుకోవడానికి పెట్టిన బోల్టు, ఎవరైనా కదిపి ఉండొచ్చు. నలిగిపోయిన రేడియేటర్ సపోర్టు నుంచి అసలే కొలవకండి, ఎలాగూ మార్చేసేదాని కొలత మనకెందుకు. రెండు ఐమూలలూ సమానం వచ్చాయని గంతులు వేయొద్దు. ఎదురుగా సూటిగా గుద్దుకుంటే రెండు పక్కలూ ఒకేలా వెనక్కి జరుగుతాయి, టేపు ఏమీ పట్టుకోదు. అందుకే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలిచి, స్టీరింగ్ తిన్నగా పెట్టే సుమా, కంపెనీ అంకెతో పోల్చండి: ఆ మస్టాంగ్‌కి 2,720 మి.మీ., జీఆర్86కి 2,575, ఇప్పటి మాజ్డా మియాటాకి 2,310. తక్కువ వస్తే వెంటనే పారిపోనక్కర్లేదు, కింద కంట్రోల్ ఆర్మ్ వంగినా తక్కువే వస్తుంది, అది బోల్టులు విప్పి మార్చుకునే సామాను. టవర్ శుభ్రంగా ఉండి చక్రం మాత్రమే వెనక్కి పోతే నేనైతే సంతోషిస్తాను, మిగతావాళ్లు భయపడి పాట తగ్గిస్తారు.

తలుపు సందులు, పైకప్పు అంచున ముడతలు, ఇవి మీకే కనపడతాయి.

ఎయిర్‌బ్యాగుల గురించి ఒక్క మాట, మళ్లీ ఆ తమ్ముడి దగ్గరికే. ఆ మస్టాంగ్‌లో ప్యాసింజర్ మోకాలి ఎయిర్‌బ్యాగ్ గ్లోవ్‌బాక్స్ తలుపులోనే ఉంటుంది, తెరుచుకుంటే మిగతా వాటిలా గుడ్డ వేలాడదు, తలుపు ఉబ్బుతుంది. ఫొటోలో అది గ్లోవ్‌బాక్స్ సరిగ్గా మూసుకోనట్టు కనపడింది. లాగితే ముందుకి రాని సీట్‌బెల్టు కూడా అంతే, గుద్దుకున్నప్పుడు దాన్ని బిగించే పరికరం పేలిపోయిందని అర్థం. అలా అతని 2,200 తడిసి మోపెడయింది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఎయిర్‌బ్యాగులు మాత్రం వేయకండి. బ్యాగుని ఉబ్బించే నాసిరకం ఇన్‌ఫ్లేటర్లు పేలి జనం చనిపోయారని 2024లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ హెచ్చరించింది, అవి ఇలా మళ్లీ కట్టిన కార్లలోవే.

నా ఇష్టాలు కూడా చెప్పేస్తాను, లేకపోతే పాఠం నిష్పక్షపాతంగా ఉందనుకుంటారు. ముందు ఇంజిన్ ఉన్న కారుకి వెనక దెబ్బ తగిలితే నాకు పండగ, రేడియేటరు పోదు, ఎయిర్‌బ్యాగులు సాధారణంగా తెరుచుకోవు. పక్క దెబ్బ ముట్టను. మాజ్డా సోల్ రెడ్ రంగు ముట్టను, అది పొరలు పొరలుగా వేసే రంగు, పక్క ప్యానెల్‌తో కలపడానికి పెయింటర్‌కి ప్రాణం పోతుంది, బిల్లు చూసి మనకి పోతుంది. తెల్ల మియాటా అయితే కళ్లకద్దుకుంటాను.

ఇక్కడ కొని హైదరాబాద్ పంపొచ్చా అని ముగ్గురు అడిగారు. కుదరదు. ఇండియాకి దిగుమతయ్యే పాత కారు కుడివైపు స్టీరింగ్‌దై, మూడేళ్ల లోపుదై ఉండాలి. అక్కడే వేలంలో కొంటామంటే ఒకటి గుర్తుంచుకోండి, రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం దాటితేనే టోటల్ లాస్ అంటారు, అంటే దెబ్బ చిన్నది కాదని ఇన్సూరెన్స్‌వాళ్లే లెక్కగట్టినట్టు.

అభ్యాసం. ఒకే మోడల్, మూడేళ్ల తేడా లోపు పది లాట్లు ఎంచుకోండి. ఒక్కోదానికి ఫొటోలు చూసి మడత ఎక్కడ ఆగిందో ఒక వాక్యం, రీబిల్ట్ ధర, ఖర్చు, 15 శాతం, మీ పాట రాసి తేదీ వేయండి. పాడకండి. అమ్ముడుపోయిన ధర పక్కన రాయండి. అందులో కనీసం రెండింటిని యార్డుకెళ్లి వేలు పెట్టి చూడండి. దానికి ముందు మీ సొంత కారు హుడ్ ఎత్తి ఐమూల కొలతలు మూడుసార్లు తీయండి. మూడూ ఒకేలా వచ్చేదాకా యార్డుకి టేపు పట్టుకెళ్లొద్దు.

వచ్చేసారి ఆ తమ్ముడి మస్టాంగ్ విప్పుతున్నాం, కుడి రెయిల్ సంగతి అప్పుడు రాస్తాను.