లారీ గాలి బ్రేకులు – 4వ పాఠం: ముల్లు చూపేది టాంకునే

పోయిన పాఠంలో గాలి ఒత్తిడి చూపే మీటరు గురించి "రెండు ముళ్లూ సమానంగా ఉండాలి" అని ఒక్క మాట రాసి వదిలేశాను. ఆ మాట చాలామందిని తిప్పలు పెట్టింది. బేతంచెర్ల నుంచి బండలు తోలే ఒక డ్రైవరు అర గీత తేడా చూసి మీటరే మార్పించారు. పొరపాటు నాది. స్ప్రింగు బ్రేకు సంగతి వచ్చే పాఠానికి జరిపి, ఈసారి దీన్నే తేలుద్దాం.

టాంకుల్లో గాలి నింపే కంప్రెసర్ సంగతి మళ్లీ చెప్పను. రెండు ముళ్లు రెండు వేరు గాలి టాంకులవి. వాటి వాడకం ఒకటి కాదు కనుక కొద్ది తేడా సహజం. ఇంజను తిరుగుతున్నా ఒక ముల్లు 5 (అంటే చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి) కిందికి దిగి లేవకపోతే మాత్రం ఆ వైపు గాలి పోతోంది, రక్షణ వాల్వు రెండో వైపును కాపాడుతోంది. అప్పుడు బండి కదపకండి. నేను పనిచేసే ప్రతి లారీలోనూ మీటరు అద్దం మీద 5 దగ్గర ఎర్ర రంగు చుక్క పెడతాను. చీకట్లో అంకెలు వెతకనక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. "బ్రేకు తొక్కితే ముల్లు 8 నుంచి ఏడున్నరకు దిగింది, చక్రాలకు వెళ్లింది అర కిలోనేనా?" అని ఎంతమంది అడిగారో! కాదు. మిద్దె మీది ట్యాంకు నుంచి చెంబు నింపితే ట్యాంకులో మట్టం ఎంత తగ్గుతుంది? ముల్లు చూపేది నిల్వను. చక్రానికి ఎంత ఒత్తిడి వెళ్లాలో మీ పాదం నిర్ణయిస్తుంది. చక్రం దగ్గర గాలితో నిండి కడ్డీని తోసే డబ్బానే బ్రేక్ చాంబరు. 24 చదరపు అంగుళాల చాంబరు అంటే సుమారు 155 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 3 కిలోల ఒత్తిడి పంపితే కడ్డీ మీద 465 కిలోల తోపు, 6 పంపితే 930. తోపు రెట్టింపయినా మీటరులో ఆ తేడా దాదాపు కనబడదు. "మీటరు 8లో ఉంది, బ్రేకు బాగుంది" అని ధైర్యపడేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది.

కొన్ని లారీల్లో లోడును బట్టి వెనుక ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. ఖాళీ బండిలో అది ఒత్తిడి తగ్గించి టైర్లు జారకుండా చూస్తుంది. దాని కడ్డీ వంగినా, ఎవరైనా తీగతో కట్టేసినా, సిమెంటు లోడుతో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు వెనుక చక్రాలకు ఖాళీ బండి ఒత్తిడే అందవచ్చు. మీటరు దాన్ని కూడా చూపదు. ఆ కడ్డీని కట్టకండి, కట్టనివ్వకండి.

ఘాట్‌లో బ్రేకును పదేపదే తొక్కి వదిలితే ప్రతిసారీ చాంబరు నిండా గాలి ఖర్చు. చిన్న గేరులో దిగండి. ఇంజను బిగువుగా పట్టుకుంటుంది, కంప్రెసర్ కూడా జోరుగా నింపుతుంది.

అభ్యాసం: సమతల నేల మీద అన్ని చక్రాలకూ అడ్డుదిమ్మలు పెట్టి, టాంకులు 8 వరకు నింపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు విడిచిపెట్టండి. పెడల్‌ను పూర్తిగా 8 సార్లు తొక్కి, ప్రతిసారీ రెండు ముళ్ల అంకెలూ రాయండి. ఎనిమిదే ఎందుకంటే, ఐక్యరాజ్యసమితి ఆర్13 నిబంధన ప్రకారం అన్నిసార్లు తొక్కాక కూడా అత్యవసరంగా ఆపడానికి సరిపడా గాలి మిగలాలి. తగ్గుదల క్రమంగా చిన్నదవుతుంది, అది మామూలే. ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి చేయండి. నెల తర్వాత మళ్లీ చేసి పోల్చండి. ఒక ముల్లు మునుపటికంటే ఎక్కువ దిగుతుంటే, ఆ వైపు చాంబరు కడ్డీ కదలిక పెరిగిందేమో స్లాక్ అడ్జస్టర్ (ఆ కడ్డీ చివర ఉండి కదలికను సరిచేసే చేయి) దగ్గర చూడండి.