డేవిడ్ హాక్నీ పద్ధతిలో రంగుల ప్రకృతి దృశ్యాన్ని చిత్రించడం

1937లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో జన్మించిన డేవిడ్ హాక్నీ చిత్రాలలో బాటలు ఊదాగా, చెట్ల మానులు నారింజ రంగులో కనిపిస్తే, అవి ఊహలోంచి పుట్టిన రంగులని చాలామంది భావిస్తారు. అయితే ఈస్ట్ యార్క్‌షైర్‌లోని వోల్డ్‌గేట్ అడవిని 2006లో ఆయన ఒకే చోట నిలబడి, వేర్వేరు ఋతువులలో మళ్ళీ మళ్ళీ చిత్రించారు. ఆ రంగుల ధైర్యం అంత ఓపికగా చూడటంవల్లనే వచ్చిందని నా నమ్మకం.

కాబట్టి ముందుగా మీకు దగ్గరలో, తరచుగా వెళ్ళగలిగే చోటును ఎంచుకోండి. పొలం గట్టు అయినా, ఫాల్గుణంలో మోదుగులు పూసే బాట అయినా సరిపోతుంది. ఉదయం, సాయంత్రం అక్కడికి వెళ్ళి, నీడలు ఎటు పడుతున్నాయో పెన్సిలుతో చిన్న బొమ్మలుగా గీసుకోండి.

రెండు పసుపులు, రెండు ఎరుపులు, రెండు నీలాలు, తెలుపు ఉంటే నీటితో కలిపి వాడే ఆక్రిలిక్ రంగులతో పని మొదలుపెట్టవచ్చు. ఆకుపచ్చను ట్యూబులోంచి నేరుగా వాడకుండా పసుపు, నీలాలను కలిపి తయారు చేసుకుంటే, ఒక్కొక్క చెట్టుకు దాని సొంత పచ్చదనం దక్కుతుంది. నీడలకు నలుపు వాడవద్దు. ఎండ పడిన చోట పసుపు ఉంటే దాని పక్కన నీడకు ఊదాను, నారింజ పక్కన నీలాన్ని వేస్తే రెండు రంగులూ ఒకదానినొకటి వెలిగిస్తాయి.

పూలను చివరికి ఉంచడం మంచిది. 2009లో హాక్నీ గీసిన ‘మే బ్లాసమ్ ఆన్ ది రోమన్ రోడ్’లో హాథార్న్ అనే ముళ్ళ చెట్టు తెల్లని పూలగుత్తులే ప్రధానం. తెల్లని పూలు మెరిసేది తెలుపువల్ల కాదు, వాటి వెనుక ఉన్న ముదురు రంగువల్ల. అందుకే ముందు కొమ్మల మధ్య చీకటిని నింపి, అది ఆరిన తరువాత చిక్కని రంగుతో పూలగుత్తులను ఒక్కొక్క కుంచె వేటుతో పెట్టండి. రేకులను లెక్కపెట్టి గీయడం మొదలుపెడితే చెట్టు ఊపు పోతుంది.

పెద్ద చిత్రం వేయాలనుకుంటే దానిని ముక్కలుగా వేయవచ్చు. 2007లో ఆయన పూర్తి చేసిన ‘బిగ్గర్ ట్రీస్ నియర్ వార్టర్’ 50 కాన్వాసులను కలిపిన చిత్రం. దాని వెడల్పు సుమారు 12 మీటర్లు. పని జరుగుతుండగా ఒక్కొక్క ముక్కను ఫోటో తీసి, కంప్యూటరులో అన్నింటినీ జతచేసి చూసుకునేవారు. మీరు నాలుగు చిన్న కాన్వాసులతో, ఫోనుతో ఇదే చేయండి. అంచుల దగ్గర కొమ్మ ఒక ముక్క నుంచి మరొక ముక్కకు సాగుతున్నదో లేదో చూసుకుని, తేడా ఉంటే అక్కడే సరిదిద్దండి. ఆక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది కనుక, ఆ సవరణకు కలిపే రంగు పాతదానికంటే కొద్దిగా లేతగా ఉండాలి.