కీమోలో జ్వరం, టీకాలు: ఇంట్లో ఎదురయ్యే సమస్యలు - పరిష్కారాలు

మా అమ్మకు రెండో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి ఒళ్లు వెచ్చబడింది. "ఏం కాదు బిడ్డా, వాన జ్వరమే" అంది. ఒక డోలో వేశాం. గంటలో తగ్గింది. అందరం నిశ్చింతగా పడుకున్నాం. తెల్లారేసరికి బీపీ పడిపోయి, పిలిస్తే పలకలేదు. ఐసీయూలో ఐదు రోజులుండి బతికి బయటపడింది. పొద్దున్నే హైదరాబాద్ వెళ్లి కీమో ఎక్కించుకుని, సాయంత్రానికి నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట బస్సెక్కి ఊరికొచ్చే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. దవాఖాన దూరమైన వాళ్లకు ఈ విషయాలు ముందే తెలిసి ఉండాలి.

సమస్య: జ్వరం 100.4 చూపిస్తోంది

కారణం: కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగలో తయారయ్యే తెల్ల కణాలనూ దెబ్బతీస్తుంది. చాలా మందుల్లో కీమో అయిన 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య ఈ కౌంట్ బాగా పడిపోతుంది. వాటిలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిములే రక్తంలోకి చేరతాయి. పోరాడే కణాలు లేవు కాబట్టి చీము పట్టదు, దగ్గు పెద్దగా రాదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఒక్క గుర్తునూ డోలోతో చెరిపేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో జరిగింది అదే.

పరిష్కారం: 100.4 ఒక్కసారి చూపించినా చాలు, అర్ధరాత్రి అయినా బయలుదేరండి. చంకలో పెట్టిన థర్మామీటర్ కాస్త తక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ 99.5 దాటగానే కీమో ఇచ్చిన ఆస్పత్రికి ఫోన్ చేయండి. వేడి టీ తాగి ఉంటే పావుగంట ఆగి నోట్లో చూడండి. మలద్వారంలో థర్మామీటర్ గానీ, మందు గానీ పెట్టకూడదు. జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే అది కూడా ఎమర్జెన్సీయే. పెద్ద వయసు వాళ్లలో, స్టెరాయిడ్ మాత్రలు వాడే వాళ్లలో జ్వరం బయటపడకపోవచ్చు.

హైదరాబాద్ చేరడానికి రెండు మూడు గంటలు పడుతుందంటే ముందు జిల్లా పెద్దాస్పత్రికి వెళ్లండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. 108లో వెళ్లినా సరే, ఓపీ లైన్లో మాత్రం నిలబడకండి. క్యాజువాలిటీలోకి వెళ్లగానే చెప్పాల్సిన మాట ఇది: "కీమో పేషెంట్, ఇవాళ తొమ్మిదో రోజు, జ్వరం 101." ముందు రక్తం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు) తీసి, గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. కీమో తేదీలు, మందుల పేర్లు ఉన్న డిశ్చార్జ్ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కంగారులో ఫైలు ఎక్కడుందో గుర్తుకు రాదు.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని పొద్దున చూద్దాం అనుకోకండి. ఆయన మంచివాడే కావచ్చు, కష్టకాలంలో ఇంటికి వచ్చేది ఆయనే కావచ్చు. కానీ ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు తుంటి సూదికి లోపల రక్తం కారి పేరుకుపోయి, అది చీము గడ్డగా మారే ప్రమాదం ఉంది. ఏదో ఒక యాంటీబయాటిక్ పడితే తర్వాత కల్చర్‌లో క్రిమి దొరకకపోవచ్చు. ఆయన చేయగలిగిన గొప్ప సాయం, మిమ్మల్ని వెంటనే బండెక్కించి పంపడం.

సమస్య: ఫ్లూ టీకా వేయించిన రాత్రి జ్వరం వచ్చింది

టీకాకు ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం రావడం మామూలే. కానీ కీమోలో ఉన్నవాళ్లకు ఇది టీకా జ్వరమా, ఇన్ఫెక్షనా అని ఇంట్లో కూర్చుని తేల్చలేం. 100.4 దాటితే పైన చెప్పిన దారే. ఈ అయోమయం రాకుండా ఉండాలంటే కౌంట్ పడిపోయే వారంలో కాకుండా, డాక్టర్‌ను అడిగి తర్వాతి కీమో సైకిల్‌కు ముందు వేయించుకోవాలి.

సమస్య: ఏ టీకా వేయించాలి, ఏది వద్దు?

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. కొందరు భయపడి అన్నీ మానేస్తారు. అది కూడా నష్టమే.

టీకాల్లో రెండు రకాలు ఉన్నాయి. చంపిన క్రిమితో లేదా దాని ముక్కతో చేసినవి రోగాన్ని తెప్పించలేవు. ఫ్లూ సూది, న్యుమోనియా టీకా, కోవిడ్, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఈ రకం. బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసినవి రెండో రకం. తట్టు టీకా, అమ్మవారి (చికెన్‌పాక్స్) టీకా, పోలియో చుక్కలు, బీసీజీ, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే ఈ రకం. ఆరోగ్యవంతుల్లో ఆ క్రిమి ఏమీ చేయలేదు, కీమోలో ఉన్నవాళ్లలో అదే రోగంగా మారవచ్చు. కాబట్టి కీమో నడుస్తుండగా రెండో రకం వద్దే వద్దు.

మొదటి రకం టీకాలు వీలైతే కీమో మొదలవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. కీమో మొదలయ్యాక కూడా వేయొచ్చు గానీ, యాంటీబాడీలు తయారుచేసే కణాలే తగ్గిపోయి ఉంటాయి కాబట్టి ఫలితం తక్కువ. రిటుక్సిమాబ్ (కొన్ని రక్త క్యాన్సర్లకు ఇచ్చే మందు) తీసుకున్న వాళ్లకు ఆ తర్వాత ఆరు నెలల వరకు టీకా సరిగా పట్టదు.

అందుకే ఇంట్లో మిగతావాళ్లు వేయించుకోవడం అంత ముఖ్యం. ఫ్లూ మన దగ్గర వానాకాలంలో, మళ్లీ చలికాలంలో పెరుగుతుంది. వానలకు ముందే కొడుకు, కోడలు, బడికి వెళ్లే మనవలు అందరూ ఫ్లూ సూది వేయించుకుంటే రోగం గడప దాటి లోపలికి రావడం కష్టం.

సమస్య: ఇంట్లో పసిపాపకు పోలియో చుక్కలు వేశారు

చుక్కల్లోని వైరస్ కొన్ని వారాలపాటు పాప మలంలో వస్తుంది. పాపకు టీకాలు మాన్పించకండి. ఇంట్లో కీమో పేషెంట్ ఉన్నారని ముందే ఏఎన్ఎం అక్కకు, పిల్లల డాక్టర్‌కు చెప్పండి, ఏం చేయాలో వాళ్లు చూస్తారు. చుక్కలు వేశాక పాపను కడగడం, డైపర్ మార్చడం వేరేవాళ్లు చూసుకోవాలి, ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. నానమ్మ ఒడిలో పాపను పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు. ఆ వయసులో ఆమెకు అంతకంటే ధైర్యం ఏముంటుంది.

సమస్య: పక్కింట్లో అమ్మవారు పోసింది

ఇది తేలిగ్గా తీసుకోకండి. వేపాకు కట్టి చూస్తూ కూర్చోకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. పొక్కులు రాకముందే ఇవ్వాల్సిన మందులు ఉన్నాయి, వాటికి రోజుల లెక్క ఉంటుంది.

సమస్య: నోట్లో పుండ్లు, విరేచనాలు

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. వేపపుల్ల మానేసి మెత్తటి బ్రష్ వాడండి, చిగుళ్ల గాయం క్రిములకు తలుపు తీసినట్టే. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

విరేచనాలు కీమో మందు వల్ల రావచ్చు, నీళ్లు, నిన్నటి అన్నం, కోసి పెట్టిన పండ్ల వల్ల కూడా రావచ్చు. నీళ్లు తెర్లనిచ్చి మూత పెట్టి చల్లార్చండి. ఒక మాట, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, కాబట్టి మన నల్లగొండ ఊళ్లలో బోరు నీళ్లు కాకుండా నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లే కాచుకోవాలి. చలవ చేస్తుందని కల్లు పోయకండి. చెట్టు కల్లు ఎంత స్వచ్ఛమైనదైనా అది కాచనిది, బతికున్న క్రిములతోనే పులుస్తుంది.

సమస్య: కుక్క కరిచింది, గీరింది

కీమో నడుస్తోందని రేబిస్ టీకా వాయిదా వేయడం ప్రాణాంతకం. అది చంపిన క్రిమి టీకా, వేయొచ్చు, వేయాలి. పావుగంట సేపు పారే నీళ్లలో సబ్బుతో కడిగి దవాఖానకు వెళ్లండి. రక్తం రాని చిన్న గీతకు మామూలు వాళ్లకైతే టీకా ఒక్కటే చాలు, కీమో పేషెంట్‌కు ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) కూడా ఇవ్వాలి. ఆ మాట మీరే గుర్తుచేయండి.

పశువుల కొట్టం ఊడ్చడం, వరిగడ్డి దులపడం, కోళ్ల గూడు కడగడం ఈ నెలల్లో ఇంకెవరికైనా అప్పగించండి, ఆ దుమ్ములో ఫంగస్ ఉంటుంది. కురుమూర్తి జాతరకో, చెరువుగట్టుకో వెళ్లాలని మనసు లాగితే 7 నుంచి 14 రోజుల మధ్య కాకుండా, గుంపు లేని రోజు చూసుకుని మాస్క్‌తో వెళ్లిరండి.

కీమో పూర్తయ్యాక బతికున్న క్రిమి టీకాలకు కనీసం మూడు నెలలు, రిటుక్సిమాబ్ వాడితే ఆరు నెలలు ఆగి, డాక్టర్ సరేనన్నాకే వేయించుకోవాలి. ఫ్లూ సూది మాత్రం ఏటా వేయించుకుంటూనే ఉండాలి. మా అమ్మ ఇప్పుడు వానలు పడకముందే తనే గుర్తుచేస్తుంది.